అచ్యుత్ పడవ

వైశాఖ మాసం, అప్పుడే తెల్లవారుతోంది. బహదూర్‌పురాలో పంక్చర్ షాపు నడిపే జగదీశ్వర్, గాలి నింపిన కాయక్ పడవను మీరాలం చెరువులోకి తోసి వెనక సీట్లో ఎక్కాడు. ముందు సీట్లో, పాతబస్తీ గుడిలో నలభై ఏళ్ళుగా అర్చకత్వం చేస్తున్న ప్రభాకరాచార్యులు పంచె ఎగ్గట్టి కూర్చున్నాడు. ఆయన కొడుకు అచ్యుత్ ఇదే చెరువులో మునిగి చనిపోయి నెలన్నర అయింది.

"ఆ బెల్టు ఇంకొంచెం బిగించుకోండ్రి అయ్యగారు."

"ఊపిరాడతలేదు జగదీశ్."

"ఆడకున్నా సరే. జాకెట్ లేకుంటే నేను తెడ్డెయ్య."

"వాడు వేసుకునేటోడా?"

"ఎవరు?"

"ఎవరేంది. అచ్యుత్."

"కాళ్ళు జర సూటిగ సాపుండ్రి. అటు ఇటు ఒరగొద్దు. గాలి పడవ కదా, ఊగుతది గని మునగది."

"మునగది అంటున్నవు."

"అంటే... నా ఉద్దేశం గది కాదు అయ్యగారు. మాఫ్ చెయ్యుండ్రి."

"ఫరవాలేదు. పోనియ్యి... ఇది అదే పడవనా?"

"ఏది?"

"నువ్వు ప్రతిదానికి ఏది, ఎవరు అంటుంటే ఇక్కడనే పొద్దెక్కుతది."

"అదే అయ్యగారు. ఎడమ దిక్కు చీలిక పడి ఉండె. ప్యాచ్ ఏసిన. లారీ ట్యూబులకు ఏసే ప్యాచే, బరాబర్ నిలబడ్డది. అమ్మెయ్యి అన్నరు మావాళ్ళు. బుద్ధి కాలే."

"వాడు ఎక్కడ కూసునేటోడు?"

"మీరు కూసున్న కాడనే. పక్కలు గట్టిగ పట్టుకున్నరేంది, భయమైతుందా? ఒడ్డుకు పోదామా?"

"వద్దు. నలభై ఏండ్ల సంది దేవునికి నీళ్ళు పోస్తున్న. నా కొడుకును తీస్కపోయిన నీళ్ళు ఎట్లుంటయో చూడలే. చూడనియ్యి."

"సరే. మెల్లగ పోదాం."

"నువ్వు ఎట్ల దొరికినవు వానికి?"

"బండి పంక్చరైందని వచ్చిండు. నా గాలం కర్ర గోడకు ఆనిచ్చి ఉండె. పంక్చరేమో అరగంట పని, ఆయన గంటన్నర కూసున్నడు. ఏ చేప ఏ నెలల పడుతది, దేనికి పడుతది, అన్నీ అడిగిండు. ఆఖరుకు, 'నేను పంతుల్ల పోరన్ని, జర నేర్పుతవా' అన్నడు. నేనే వద్దన్న అయ్యగారు. ఒట్టు. ఇంట్ల తెలిస్తే లొల్లి అయితది భాయ్ అన్న."

"అయింది కదా."

"అయింది."

"ఫోన్ల వీడియో. చేపను రెండు చేతులతోని ఎత్తి పట్టుకొని నవ్వుతున్నడు. గుడికొచ్చే వైకుంఠం చూపెట్టిండు, గర్భగుడి ముందల్నే. 'అయ్యగారు, మన అచ్యుతేనా చూడుండ్రి' అని. నా చేతిల తీర్థం గిన్నె ఉండె. వాడు గట్ల నవ్వంగ నేను ఎన్నడన్నా చూసిన్నా అని తోచలే నాకు అప్పుడు. చేపనే చూసిన. ఆ పొద్దే వాన్ని ఇంట్లకెళ్ళి ఎల్లగొట్టిన."

"ఆ వీడియో నేనే తీసిన."

"తెలుసు. నీ గొంతు వినబడ్డది. 'మస్తు, మస్తు' అని అరిచినవు."

"నన్ను తిట్టుకున్నరా?"

"చానా రోజులు. ఒక్క మాట అడుగుత, నిజం చెప్పు. వాడు తిన్నడా?"

"బిల్కుల్ లేదు."

"నువ్వు నా వెనక కూసున్నవు. నీ ముఖం చూద్దామంటే తిరగరాదు."

"ముట్టలే అయ్యగారు. నా బిడ్డ మీద ఒట్టు. గాలం తీసి, చేపను నీళ్ళల్ల అట్లనే పట్టుకొని, అది తోక కొట్టేదాక ఆగేటోడు. అప్పుడు ఇడిచేటోడు. నాకు మస్తు కోపమొచ్చేది. మూడు కిలోల కొర్రమట్ట! ఇంట్ల నా భార్య రూప మసాలా నూరి కూసుంటది, ఈయన దానికి టాటా చెప్తడు. ఒక్కటన్న ఇయ్యరాదా అంటే, 'నువ్వు పట్టింది నువ్వు తిను జగదీశ్' అనేటోడు."

"తిననోడు పట్టుడెందుకు?"

"గదే నాకు ఇయ్యాల్టికి సమజ్ కాలే. అడిగితే... వద్దు తీయుండ్రి."

"చెప్పు."

"'అది గుంజినప్పుడు చేతులల్లకు ఒక జోరొస్తది చూడు, అప్పుడు నాకు ఇంకేం యాదికుండది' అన్నడు."

"యాదికి రావద్దనుకున్నది నన్నే అయి ఉంటది."

"గట్లనకుండ్రి. మీ గురించి ఒక్క చెడ్డమాట అనలే రెండేండ్లల్ల. పొద్దుగాల ఆరున్నరకు ఫోన్ చూసి తెడ్డు ఆపేటోడు. 'ఇప్పుడు నాయిన హారతి ఇస్తుంటడు' అనేటోడు. ఒక్క నిమిషం. తర్వాత మళ్ళ తెడ్డు. ఒడ్డెక్కంగనే నిమ్మచెక్క తీసి చేతులు రుద్దుకునేటోడు, వాసన పోవాలె అని. యాకుత్‌పురా రూముల ఒక్కనివే ఉంటవు, ఎవరికోసం రుద్దుతున్నవు భాయ్ అంటే నవ్వేటోడు... అయ్యగారు?"

"ఊఁ."

"ఏడుస్తున్నరా?"

"లేదు. నీ తెడ్డు నీళ్ళు ముఖం మీద పడ్డయి... అదేంది, అక్కడ నీళ్ళు ఎర్రగ మసులుతున్నట్టున్నయి?"

"ఎక్కడ? ఓ... చెయ్యి పెట్టకుండ్రి. కొర్రమట్ట పిల్లలు. వెయ్యి దాక ఉంటయి ఆ గుంపుల. తల్లీ తండ్రీ కిందనే తిరుగుతుంటయి, కావలి."

"తండ్రి గూడనా?"

"రెండూ. పిల్లలు గాలి కోసం పైకొస్తయి, అవి కింద నుంచి చూస్తుంటయి. ఇప్పుడు రబ్బరు కప్పను గాలానికి కట్టి ఈ పిల్లల నడుమ ఏసిన్రనుకోండ్రి, గ్యారంటీగ వచ్చి కొడతయి. ఆకలితోని కాదు, పిల్లలకేమన్న అయితదని. సులువుగ దొరుకుతయని మస్తుమంది గిట్లనే పడతరు."

"వాడో?"

"ఎయ్యడు. నన్ను ఎయ్యనియ్యడు. పెద్దవి పోతే పిల్లలను మిగతా చేపలు ఒక్క పూటల తినేస్తయని చెప్పి, పడవ వెనకకు మలిపేటోడు."

"మనం గూడ మలుపుదాం."

"మలుపుత. అట్ల కట్ట దిక్కు పోదాం, నీడ ఉంటది."

"కట్ట దిక్కు వద్దు. ఎక్కడనో చూపెట్టు జగదీశ్."

"ఏది అయ్యగారు?"

"మళ్ళ."

"...అగో. ఆ గుర్రపుడెక్క పరుచుకున్నది కదా, దాని కొసకు. ఇంతకన్న దగ్గరికి నేను పోను. కిందంత వేర్లే, కాళ్ళకు చుట్టుకుంటయి. ఆయనకు ఈత మస్తుగొస్తది. గని దాంట్ల ఈత పనిచెయ్యది. దానికి తోడు పగటిపూట గాలి లేస్తది ఈ దినాలల్ల. పడవ బోర్లపడి ఉంటది."

"జాకెట్ ఉంటే?"

"ఎండ ఎక్కువైతుంది, పోదామా ఇగ?"

"జాకెట్ ఉంటే జగదీశ్?"

"తేలేటోడు."

"మరి ఎందుకు వేసుకోలే?"

"నా కొట్టుల ఉండె. రెండు జాకెట్లు నా కొట్టులనే ఉంటయి, పడవేమో ఆయన రూముల ఉంటది. ఉగాది కదా అని షట్టర్ దించి తాళమేసి, రూపను తీస్కొని శంషాబాద్ అత్తగారింటికి పోయిన. తాళంచెవి నా జేబుల. పొద్దుగూకి ఫోనొచ్చేదాక నాకేం తెల్వది."

"నీకు ఫోన్ చెయ్యలేదా వాడు?"

"చెయ్యలే. ముందటి దినం నేనే అడిగిన, రేపు పోదమా భాయ్ అని. 'రేపు రాను, ఇంటికి పోత' అన్నడు. 'రెండేండ్లాయె. పండగపూట నాయిన కాదనడు' అన్నడు. కొత్త ధోతి కొన్నడు. నన్ను లాడ్ బజార్‌కు ఎంబడి తీస్కపోయి అమ్మగారికి గాజులు కొన్నడు. కొలత తెల్వది. గాజులాయన చేతులు చూపెట్టమంటే, వాళ్ళమ్మ చెయ్యి గింత ఉంటదని గాలిల సున్నా చుట్టి చూపెట్టిండు. ఇద్దరం నవ్వినం. గందుకే నేను ఫికర్ లేకుండ పోయిన అయ్యగారు. ఇంటికి పోయేటోడు చెరువుకు ఎందుకొస్తడు అనుకున్న. దినాలనాడు అమ్మగారు గూడ అందరితోని అదే అన్నరు, 'పండగకన్న రాకపాయె నా కొడుకు' అని. ధైర్యం చాలలే కావచ్చు. సగం తొవ్వ పోయి మర్రిండు కావచ్చు. నేనన్న ఎంబడుండి మీ వాకిలి దాక తోల్కొస్తే అయిపోవు. ఆ తాళంచెవి అన్న పక్కింటి బీరయ్యకు ఇచ్చిపోతే అయిపోవు. నెలన్నర సంది చూస్తున్న, ఎవ్వరూ నన్ను ఏం అంటలేరు. పోలీసులు అనలే, మీరు అనలే. రూప గూడ అనలే. మీరన్న తిట్టుండ్రి. ఒక్కసారి తిట్టుండ్రి."

"నీ తప్పు లేదు."

"ఉన్నది."

"లేదు బిడ్డా."

"ఊకె నా మనసు నిమ్మళం చేద్దామని అంటున్నరు మీరు. ఉన్నది నా తప్పు."

"తెడ్డు ఆపు. ఇను. ఈ మాట ఒడ్డు మీద చెప్పనీకి నాకు చేతనైతలేదు, అందుకే నిన్ను ఇంత దూరం తెచ్చిన. వాడు వచ్చిండు."

"ఎక్కడికి?"

"ఇంటికి."

"...ఎప్పుడు?"

"ఉగాదినాడు. తొమ్మిది గొట్టంగ. కొత్త ధోతి కట్టుకున్నడు, సరిగ కట్టరాలే, కుచ్చిళ్ళు జారుతున్నయి. ఒక చేతిల గాజుల డబ్బా, ఒక చేతిల వేపపువ్వు కొమ్మ. కిటికీలకెళ్ళి చూసిన. రెండుసార్లు తలుపు కొట్టిండు. గట్టిగ గూడ కాదు, వేళ్ళతోని. నేను తలుపుకు ఇవతల నిలబడి ఉన్న. గొళ్ళెం మీద చెయ్యి గూడ పెట్టిన."

"అయ్యగారు..."

"వంటింట్ల వాళ్ళమ్మ అలివేలు పచ్చడి కలుపుతున్నది. చప్పుడు విని, 'ఎవరండీ వచ్చింది?' అని అడిగింది."

"మీరేమన్నరు?"

"ఎవరూ కాదన్న."