చెరొక గ్లౌజు

"తాతా, సైన్మల ఆ బాక్సరు ఓడిపోయినంక వానల ఒక్కడే నడుసుకుంట పోతుంటె నాకైతె ఏడుపాగలే. నువ్వు గూడ ఆడినవంట గద, గట్లనే ఉండెనా?"

గా దిక్కు కూసోకు బిడ్డా, ఈ దిక్కు రా. ఎడమ దిక్కు. కుడి చెవు ఇనరాదని నీకెన్నిసార్లు చెప్పాలె? ఆఁ, ఇప్పుడు చెప్పు. సైన్మనా? నేను గూడ జరసేపు చూసి లేసి బైటికొచ్చిన. కూసోబుద్ధి కాలే. వానికి నోట్లె నీళ్లు పోసేటోడు ఒకడు, తువాల తోని గాలి ఇసిరేటోడు ఒకడు. మాకు ఏముండె? ఊక నింపిన గోనెసంచి, దాన్ని యాపకొమ్మకు కట్టుడు. అంతే.

అప్పుడు మొయినాబాద్ల ఈ ఫాంహౌజులు, కాలేజీలు ఎక్కడియి? సడకు, రెండు చాయ్ హోటళ్లు, మన చర్చి, జొన్న చేన్లు. రూపాయికి కడుపునిండ అన్నం పెట్టేటోళ్లు, ఆ రూపాయే దొరకకపోయేది. చర్చి కాంపౌండుల ఒక మాస్టరు ఉండె, పల్టన్ల సిపాయిగ చేసొచ్చిన మనిషి. ఆయన నేర్పిండు బాక్సింగు. నాకు, చేవెళ్ల నర్సింలుకు. నర్సింలు నా సోపతిగాడు. వాళ్ల నాయిన బండి తోలేటోడు. మాది ఒక్కటే ఈడు, వాడు నాకంటె జర బరువు.

మాస్టరుకు పానం బాగలేక పట్నంల బిడ్డకాడికి పోయిండు. పోయెటప్పుడు తన గ్లౌజుల జత మా చేతుల పెట్టి, "కొట్లాడుకోకున్రి" అన్నడు. చూడు, కొట్లాట నేర్పి కొట్లాడుకోకున్రి అన్నడు!

జత ఒక్కటి, మేం ఇద్దరం. వాడు చేవెళ్లల, నేను ఈడ. వారం నీకాడ, వారం నాకాడ పెట్టుకోవచ్చు గద? ఆ తెలివి లేకపాయె. నర్సింలు అన్నడు, "అరే దాసు, జత మొత్తం ఒక్కనికాడ ఉంటె వాడు ఇంకొకన్ని మరుస్తడు. చెరొకటి తీస్కుందాం." నేను ఎడమది తీస్కున్న, వాడు కుడిది. వారమంత ఎవని సంచిని వాడు ఒంటిచేత్తోని గుద్దుడు. ఐతారం ప్రార్థన అయినంక వాడు బస్సుల దిగేటోడు. అప్పుడు గూడ గట్లనే. నేను ఎడమతోని, వాడు కుడితోని, ఆడోళ్లు రోట్ల వడ్లు దంచినట్టు, ఒకరి పోటు అయినంక ఒకరి పోటు. ఉత్త చెయ్యి తగిలితె పండ్లు రాల్తయని రెండో చేతిని తువాల తోని నడుముకు కట్టుకునేటోళ్లం. నవ్వకు! మాకు అదే బాక్సింగు అనిపించేది.

ఆగు, జర అటు ఇటు తిరుగుత, కాళ్లు పట్టుకుంటున్నయి. ఆఁ. పట్నంల ఒక మిల్లు ఉండె. మంచిగ కొట్టే పిలగాండ్లను పరీక్ష పెట్టి వాళ్ల బాక్సింగు టీముల తీస్కుంటరని తెలిసింది. బరువుకొకన్ని. గెలిచినోనికి మిల్లుల పర్మినెంటు నౌకరి. నౌకరంటె ఏందనుకున్నవ్? అరవై తొమ్మిది అది, మొత్తం లొల్లే నౌకర్ల మీద. మా నౌకర్లు మాకే గావాలెనని కాలేజీ పిలగాండ్లు సడకుల మీదికొచ్చిండ్రు. బడులు బందు, బస్సులు బందు. ఇంట్ల మా బాపు దమ్ము రోగంతోని మంచం పట్టిండు. మిల్లోళ్లకు దవాఖాన ఉన్నది, పనోళ్ల ఇంటోళ్లను గూడ చూస్తరు. నాకు అదే ఫికరు. నౌకరి దొరికితె బాపును ఆ దవాఖానల ఎయ్యాలె. వాడు పై బరువు, నేను కింది బరువు, ఇద్దరం ఎదురుపడేదే లేదు, చెరొక నౌకరి అనుకున్నం.

"తాతా, నీకోసం ఎవరన్న ఎదురుచూస్తుండెనా అప్పుడు?"

ఎదురుచూసింది. మా బర్రె. కుడితి కోసం. నీకెప్పుడు గా ముచ్చట్లే!

బస్సుల్లేవని నర్సింలు ముందటి దినమే చేవెళ్ల నుంచి మా ఇంటిదాక నడిసొచ్చిండు. తెల్లారి కోడి కూసినంక ఇద్దరం బైలెల్లినం. ఎండలు ముదిరిన దినాలు. గండిపేట కాడ నీళ్లు తాగినం, అటెనుక ఏం లేదు. పట్నంల జొరవడంగనే ఒక జులూసు ఎదురొచ్చింది, జై తెలంగాణ అనుకుంట. "ఎవలు భాయ్ మీరు?" అన్నడు ఒకడు. నర్సింలు రొమ్ము ఇరుసుకొని "బాక్సర్లం" అన్నడు. "ఐతె మా ముందల నడువున్రి, లాఠీలొస్తె మీరే ఆపాలె" అని మమ్ముల నెట్టిండ్రు ముందలికి. లాఠీలు రాలేగని మా యాల్ల పాయె. బువ్వ తినేదాన్కి లేకపాయె.

ఉరుక్కుంట పోయి కాంటా ఎక్కినం. నర్సింలు రెండు దినాలు నడిసిండు గద, బరువు కరిగిపోయింది. నా బరువుల పడ్డడు. "సార్, జర ఆగున్రి, నీళ్లు తాగొస్త" అని బతిలాడిండు. నల్లా కాడ కడుపు డబ్బలెక్క తాగొచ్చిండు. కాంటా కాడున్నాయన తలకాయ ఎత్తలే. "రాసేసిన పో" అన్నడు.

గట్ల, ఇద్దరం ఒక్క నౌకరి కోసం తాడు లోపటికి పోయినం.

రెండు చేతులకు రెండు గ్లౌజులు తొడిగిండ్రు. నా కుడిచేతిని ఏం జెయ్యాల్నో నాకు తెల్వదు. నడుము కాడికే పోయి ఆనుకుంటున్నది. వానిది గూడ అంతే. నేను ఎడమతోని, వాడు కుడితోని, మల్ల అదే వడ్లు దంచుడు. జనం ఒకటే నవ్వుడు. "వీళ్లకు ఒక్కొక్క చెయ్యి కిరాయికిచ్చిండ్రా ఏంది?" అని ఒకడు మొత్తుకున్నడు. ఆఖరి రౌండుల నర్సింలు కాలు జారిండు. పడకుంట ఆపుకోను ఎడమచెయ్యి లేపిండు, అది వచ్చి నా కుడి చెవు మీద పడ్డది. వాడు కొట్టాలనుకున్నడో లేదో వానికే తెల్వదు. ఆ దిక్కెళ్లి నాకు ఎన్నడన్న దెబ్బొచ్చిందా, కాసుకునేదాన్కి? కిందపడి లేసేటాళ్లకు పది లెక్కవెట్టుడు అయిపోయింది. వాడు గెలిసిండు. గెలిసి, బొటనవేలు పట్టుకొని కిందనే కూలవడ్డడు. ఆ చెయ్యి ఎన్నడు గుద్దుడు నేర్వలే గద, ఏలు ఇరిగింది.

మల్ల నడక. రెండు చెవులల్ల ఒకటే హోరు, గండిపేట తూములకెళ్లి నీళ్లు దుంకినట్టు. నేను తువాల నెత్తిమీదేసుకొని ముందల, వాడు ఎనుక. నేను మనసుల కుతకుత ఉడుకుతున్న. గెలిసిండు, నౌకరి కొట్టిండు, ఒక్క మాటన్న మాట్లాడ్తలేడు, నొప్పున్నదా దాసూ అని గూడ అడుగుతలేడు అనుకున్న. ఎనుకకు తిరిగి చూడలే. మొయినాబాద్ల మన సందు రాంగనే మలిగిన. వాడు చేవెళ్ల దారి పట్టిండు. అంతే. అటెనుక మాటల్లేవు. ఎడమ చెవు వారానికి తెరుసుకున్నది. ఇది తెరుసుకోలే. బాపు ఆ వానకాలం దాటలే.

ఎన్నో ఏండ్లకు, మీ నాయిన పెండ్లి పత్రిక పట్టుకొని చేవెళ్ల పోయిన. ఎందుకో నర్సింలు ఇంటి ముందల కాళ్లు ఆగినయి. అప్పటికే నాకు అజీజ్‌నగర్ల వాచ్‌మన్ పని. వాడు కూరగాయల మూటలు మోస్తుండె, వంకర ఏలితోని. మిల్లుల ఎందుకు లేడో నాకు సమజు కాలే. వచ్చి నా కుడిదిక్కు కూసున్నడు. "అటు కాదు, ఇటు రా, ఈ చెవు ఇనరాదు" అన్న. "ఎప్పటిసంది?" అన్నడు. "నువ్వు గుద్దినప్పటిసంది. ఆ దినమైతె రెండు చెవులు మూసుకపోయినయి."

వాడు మొగం కిందికేసిండు.

అప్పుడు చెప్పిండు. ఏలు ఇరిగినోన్ని ఏం జేసుకోవాలె, నీ బదులు సోమవారం ఆ రెండో పిలగాన్ని తోలియ్యి అని మిల్లాయన చెప్పిండంట. "గండిపేట దాటినకాడికెళ్లి చెప్పుకుంట వచ్చిన దాసూ. నువ్వు పో, మీ బాపుకు దవాఖాన గావాలె అని. అడిగిందే అడిగిన. నువ్వు తిరిగి చూడకపోతివి. నా ఎంగిలి నీకొద్దనుకున్న."

సోమవారం ఎవ్వలం పోలే.

ఊకో బిడ్డా, ఏడువకు. ఇది సైన్మ కాదు. నర్సింలు ఉన్నడు ఇంక, ఫోన్ జేస్తడు. "ఇనవడ్తున్నదా?" అని అడిగి, నేను ఆఁ అన్నంకనే మాట మొదలువెడ్తడు. నువ్వు గూడ ఎవలతోనన్న మాట్లాడేదుంటె ముందలికొచ్చి నిలవడు. ఎనుక నడుసుకుంట చెప్పకు. నీ రెండు చేతులు, రెండు చెవులు సల్లగుండాలె తల్లీ... ఆగు, ఫోన్ మోగుతున్నదా? ఎటు దిక్కు?