మీ మొక్కు, నా కాళ్ళు

ఇక ఆపండి వదినా. ఇది నాలుగోసారి. ఎన్నిసార్లు తిప్పి చూసినా ఆ వీడియోలో ఉన్నది నేనే. నుదుటి నిండా కుంకుమ, నడుముకి దోపిన చెంగు, చెప్పుల్లేని కాళ్ళు, రెండు చేతులూ పైకి. నేనే. కాదనడం లేదు. సౌండు మాత్రం తగ్గించండి, ఇది హాస్పిటలు. ఆ నర్సు ఇప్పటికి రెండుసార్లు మనవైపు చూసింది.

లోపల మీ తమ్ముడికి రెండో స్టెంటు వేస్తున్నారు. గంట పడుతుందన్నారు. ఈ గంటసేపూ మీరు నన్ను తిట్టకుండా ఉండలేరు, నేను లేచి ఎక్కడికీ పోలేను. అందుకని నన్నే మాట్లాడనివ్వండి.

ఏమిటీ? మొక్కు ఎగ్గొట్టాను కాబట్టే ఇలా అయిందా? మళ్ళీ అనండి. గట్టిగా అనండి, పక్కావిడ కూడా వింటుంది. ఆవిడా ఎవరి కోసమో ఏదో ఒకటి మొక్కుకునే ఉంటుంది.

అసలు ఆ మొక్కు ఎవరిది వదినా?

జనవరిలో ఆయనకి మొదటిసారి గుండెనొప్పి వచ్చినప్పుడు ఇదే కారిడార్లో, ఇవే కుర్చీల్లో కూర్చున్నాం. మీరు కళ్ళు మూసుకుని, చేతులు జోడించి ఏమన్నారు? "సింహాద్రప్పన్నా, మా శివరామకృష్ణని లేపి నడిపించు తండ్రీ, ఆషాఢ పౌర్ణమికి మా మరదలు గౌరీశ్వరి నీ కొండ చుట్టూ నడుస్తుంది" అన్నారు. ముప్పై రెండు కిలోమీటర్లు! నేను పక్కనే ఉన్నాను. ఇన్సూరెన్స్ కాగితాలు నింపుతున్నాను. ఒక్క మాట నన్ను అడిగారా? మీకు మోకాళ్ళ నొప్పులు, ఒప్పుకుంటాను. అత్తయ్యకి ఎనభై దాటాయి. అందుకని మొక్కు మీది, కాళ్ళు నావి.

అప్పుడే కాదనాల్సింది. అనలేదు. అలాంటి చోట ఎవరంటారు?

సరే, మీ తమ్ముడు లేచారు, నడిచారు. ఏప్రిల్‌కల్లా స్టీల్ ప్లాంటులో డ్యూటీకి కూడా వెళ్ళారు. డాక్టరు వేసిన స్టెంటు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆ వారం రోజులూ ఈ కుర్చీలో ఎవరు పడుకున్నారో అదీ ఎవరూ ఎత్తలేదు. అంతా అప్పన్న దయ అన్నారు. సరే, అప్పన్నే.

ఇక 'ఉప్పుగాలి' సంగతి. అది ఒక బ్యాండు పేరు. నవ్వకండి, పెళ్ళిళ్ళలో వాయించే బ్యాండు కాదు. నలుగురు కుర్రాళ్ళు, గిటార్లు, డ్రమ్సు, గొంతు చించుకుని తెలుగులో రాక్ పాటలు. ఇక్కడే ఇంజనీరింగ్ చదివేవాళ్ళు. నేను ఎమ్మే చదివేటప్పుడు వాళ్ళ క్యాసెట్టు ఒకటి మా హాస్టలంతా తిరిగింది. తిరిగి తిరిగి రీలు నలిగిపోయి, సగం పాటల్లో వాళ్ళ గొంతు నీళ్ళలోంచి వస్తున్నట్టు ఉండేది. అలాగే వినేవాళ్ళం.

వాళ్ళు యూనివర్సిటీ గ్రౌండులో పాడిన రోజు మీకూ గుర్తుండాలి. రెండువేల సంవత్సరం, మార్చి నెల, ఆదివారం. సాయంత్రం ఐదింటికి మీరూ, అత్తయ్యా, మామయ్యగారూ గాజువాకలో మా ఇంటికి వచ్చారు, నన్ను చూసుకోడానికి. "పాటలు వచ్చా అమ్మాయ్?" అని అడిగింది మీరే. వచ్చన్నాను. తల వంచుకుని ఒక కీర్తన పాడాను. సరిగ్గా అదే టైముకి అక్కడ గ్రౌండు గేటు దగ్గర మా రూమ్మేటు నా పాసు పట్టుకుని ఎదురుచూస్తోంది.

మరుసటి ఏడాదికే బ్యాండు విడిపోయింది. తలా ఒక ఉద్యోగంలో పడ్డారు. నేను మీ ఇంట్లో పడ్డాను.

ఇరవై ఐదేళ్ళ తర్వాత నలుగురూ కలిసి పాడతామన్నారు. ఒక్క రాత్రి. వైజాగ్‌లోనే. మళ్ళీ ఉండదు, ఒకడికి గొంతు ఆపరేషనట. పేపర్లో చదివి తేదీ చూశాను. ఆషాఢ పౌర్ణమి. ఏడాదిలో ఇన్ని రోజులుండగా!

దొంగతనంగా మొదలుపెట్టలేదు వదినా. ముందు ఆయన్ని అడిగాను. "మొక్కు వచ్చే ఏడాదికి పెట్టుకోవచ్చేమో" అన్నాను. టీవీ మీంచి చూపు తిప్పలేదు. "అక్క బాధపడుతుందేమో" అన్నారు. అయిపోయింది. మా ఇంట్లో గోడలకి రంగు దగ్గర్నుంచి ప్రతిదీ మీరు బాధపడతారేమోనన్న దాని మీదే నడిచింది. నేను బాధపడతానేమోనని ఎవరైనా ఎక్కడైనా అనుకున్నారేమో, నాకైతే చెప్పలేదు.

ఆ రాత్రే టికెట్టు కొన్నాను.

అయినా నడిచాను. అది మీరు ఒప్పుకోవాలి. మా కాలేజీలో నాతో పాటు పాఠాలు చెప్పే ధనలక్ష్మి ఉంది కదా, తనూ నేనూ కలిసి. కొండ కింద తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి మధ్యాహ్నం రెండింటికి బయల్దేరాం. అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక. మధ్యలో ఒక జల్లు. రోడ్డు పొడవునా మజ్జిగ, పులిహోర పొట్లాలు. అప్పుఘర్ దాకా పద్నాలుగు కిలోమీటర్లు ఉత్తికాళ్ళతో నడిచాను. అక్కడ సముద్రస్నానానికి అందరూ ఆగుతారు కదా. "నువ్వు పద, స్నానం చేసి వెనకాల వస్తాను" అని ధనలక్ష్మిని పంపేశాను. పాపం, దానికేమీ తెలీదు. దాన్ని ఇందులోకి లాగకండి.

బ్యాండు పాడే మైదానం అక్కణ్ణించి అర కిలోమీటరు. గేటు దగ్గర ఎటు చూసినా నల్ల టీషర్టులు. మధ్యలో నేను, పసుపు చీర, బురద కాళ్ళు, చేతిలో పులిహోర పొట్లం. సెక్యూరిటీ అతను నన్ను చూసి చేతులు జోడించాడు. "అమ్మా, తోవ తప్పిపోయేరు. ప్రదచ్చిన అటేపు ఎల్తంది" అన్నాడు. ఫోన్లో టికెట్టు చూపించాను. దాన్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు. "ఇది మీదేనేటమ్మా?" నాదే నాయనా అన్నాను. బయటి తిండి లోపలికి తేకూడదన్నాడు. ప్రసాదం అన్నాను. "అయితే నాకెట్టీయండి" అని కళ్ళకద్దుకుని అక్కడే నిలబడి తినేశాడు.

లోపల నా పక్కన ఒక అమ్మాయి. మహీన్. వన్‌టౌన్‌లో వాళ్ళ నాన్నకి బట్టల కొట్టుందట, ఆయన ఈ పాటలు పాడుకుంటూనే షట్టరు తీసేవాడట. "ఏటాంటీ, ఒక్కరే వచ్చేరా? సెప్పులేవీ?" అంది. మొక్కు అన్నాను. "ఈళ్ళకి కూడా మొక్కుతారేటి?" అంది.

ఆ అమ్మాయే వీడియో తీసింది. "అప్పన్న దగ్గర్నించి డైరెక్టుగా ఉప్పుగాలికి" అని రాసి పెట్టింది. అది ఇంతమంది చూస్తారని దానికి మాత్రం ఏం తెలుసు? చెడ్డపిల్ల కాదు. నాకు నీళ్ళసీసా ఇచ్చింది.

ఎలా పాడారంటారా? మీరు అడగలేదు, నాకు తెలుసు. నేనే చెప్తున్నాను. పాడేవాడికి పొట్ట వచ్చింది. అద్దాలు పెట్టుకుని కాగితం చూసి పాడాడు. గొంతు సగం లేదు. పైకి వెళ్ళాల్సి వచ్చినప్పుడల్లా మైకు జనం వైపు తిప్పేసేవాడు. జనం పాడేవాళ్ళు. నేనూ పాడాను వదినా. అన్ని మాటలూ నాకు ఇంకా వచ్చని నాకే తెలీదు. ఎవడో బూట్లతో గెంతుతూ నా కాలి మీద పడ్డాడు. ఈ బొటనవేలి గోరు నల్లబడింది అందుకే, రాళ్ళు గుచ్చుకుని కాదు. ఆ నొప్పి కూడా ఇంటికొచ్చాకే తెలిసింది. అక్కడ నన్ను నువ్వెవరి భార్యవి, ఎవరి కోడలివి అని ఒక్కరూ అడగలేదు. వయసు కూడా అడగలేదు.

పదిన్నరకి అయిపోయింది. అప్పుడే ఇంటికెళ్ళడానికి లేదు, ముప్పై రెండు కిలోమీటర్లు అంత తొందరగా ఎవరూ తిరగరు. బస్ కాంప్లెక్స్‌లో బెంచీ మీద తెల్లవార్లూ కూర్చున్నాను. మొదటి బస్సుకి కూర్మన్నపాలెంలో ఇంటికొచ్చాను. మీ తమ్ముడు మంచం మీంచే అడిగారు, ఎలా జరిగిందని. "బాగా జనం" అన్నాను. అబద్ధం కాదు కదా! కొండ మీద దర్శనం అవలేదా అంటే కాలివేలు చూపించాను.

అత్తయ్య ఇత్తడి పళ్ళెం, పసుపునీళ్ళు తెచ్చి నా కాళ్ళు కడిగారు. వద్దని వెనక్కి లాక్కున్నాను, వదల్లేదు. ఆ నీళ్ళు తీసి నెత్తిన చల్లుకున్నారు. ఆవిడ నెత్తి మీద పడ్డది ఎక్కడి మట్టో నాకు తెలుసు.

అప్పుడే ఏడవకండి వదినా. ఇంకా ఉంది.

మీరు చూసిన వీడియో నలభై సెకన్లు. అందులో లేనిది చెప్తాను. మీరు నన్ను తిడుతున్నది మొక్కు గురించి. తిట్టాల్సింది దాని గురించి కాదు.

వాళ్ళ పాటొకటి ఉంది, 'లంగరు' అని. "ఒడ్డూ మనదే, ఓడా మనదే, ఎక్కే తీరికే లేదు" అని మొదలవుతుంది. ఆ క్యాసెట్టులో అన్నిటికన్నా ఎక్కువ నలిగిన పాట. నేను దాన్ని ఎప్పుడూ మొదట్నించి చివరిదాకా సరిగ్గా వినలేదు. అది చివరికి దాచిపెట్టుకున్నారు. పది దాటి పది నిమిషాలైంది. గిటారు మొదలైంది. నడుము దగ్గర పర్సులో ఫోను వణికింది.

తీసి చూశాను. మీ తమ్ముడు.

కట్ చేశాను.

వినపడలేదు కాదు. పొరపాటున చెయ్యి తగలడం కాదు. పేరు చూసి, చదివి, కట్ చేశాను. టీవీ రిమోటు ఎక్కడుందని అడగడానికి క్లాసు మధ్యలో ఫోన్ చేసే మనిషి ఆయన. అలాంటిదే అనుకున్నాను. మళ్ళీ చెయ్యలేదు. చెయ్యలేదు కాబట్టి పెద్ద సంగతేమీ కాదని కూడా అనుకున్నాను.

తెల్లారి కాళ్ళు కడుగుతూ అత్తయ్య చెప్పారు. రాత్రి అన్నం తిన్నాక వాడికి రొమ్ములో పట్టేసినట్టుందమ్మా, నాలిక కింద పెట్టుకునే మాత్ర కోసం వెతుక్కున్నాడు, నీకు ఫోన్ చేస్తే కలవలేదు, ఇద్దరం ఇల్లంతా వెతికాం, చివరికి ఫ్రిజ్ తలుపులో దొరికింది, అన్నారు. ఎంతసేపు వెతికారని అడిగాను. ఇరవై నిమిషాలైందేమో అన్నారు. అని నా కాలు తుడుస్తూ ఏమన్నారో తెలుసా? "నువ్వక్కడ దేవుడి చుట్టూ తిరుగుతున్నావు కాబట్టే ఆ మాత్ర దొరికింది తల్లీ" అన్నారు.

ఫ్రిజ్‌లో పెట్టింది నేనే. ఎండలకని పెట్టాను. చెప్పడం మర్చిపోయాను.

మీ తమ్ముడు గ్యాస్ అన్నారు. గ్యాసుకీ గుండెకీ తేడా నేను జనవరిలోనే నేర్చుకున్నాను వదినా. ఆ పొద్దునే ఇక్కడికి తీసుకురావాల్సింది. తీసుకొస్తే డాక్టరు అడుగుతాడు, నొప్పి ఎన్నింటికి వచ్చింది, దగ్గర ఎవరున్నారు అని. ఆయన అంటారు, మా ఆవిడకి ఫోన్ చేశానండీ అని. ఆ ఒక్క మాట ఎక్కడ వస్తుందోనని ఆరు రోజులు నేనూ గ్యాసే అన్నాను. జీలకర్ర నీళ్ళు కాచి గ్లాసులో పోసి ఇచ్చాను. ఆయన నమ్మి తాగారు. ఇవాళ పొద్దున బాత్రూం తలుపు దగ్గర పడిపోయేదాకా తాగారు.

ఆ కాల్ సంగతి ఆయన ఇప్పటిదాకా ఎత్తలేదు. తెలిసి ఊరుకున్నారో, కలవలేదనే అనుకున్నారో నాకు తెలీదు. ఏదీ అడక్కపోవడం ఆయన పద్ధతి. ఇన్నేళ్ళూ అది నాకు ఎంత మంటగా ఉండేదో! ఈ ఆరు రోజులూ మాత్రం చల్లగా ఉంది.

అదీ. ఇప్పుడు తిట్టండి.

మొక్కు సంగతి మీరూ అప్పన్నా చూసుకోండి. మిగిలిన పద్దెనిమిది కిలోమీటర్లూ నడవమంటే నడుస్తాను, ఆ పనికి నా కాళ్ళు బాగానే ఉన్నాయి. అత్తయ్యకి ఆ వీడియో చూపిస్తానంటే చూపించుకోండి. కానీ ఇదంతా దేవుడి కోపమని మాత్రం అనకండి. మధ్యలో ఆయన్నెందుకు? ఇది నేను చేసింది.

ఇంకొక్క మాట, ఎలాగూ అన్నీ చెప్పాను కాబట్టి. నేను ఫోన్ కట్ చేసేసరికి ఆ పాట ఇంకా నాలుగు నిమిషాలుంది. ఫోను పర్సులో పెట్టి, జిప్పు వేసి, పూర్తిగా విన్నాను వదినా. ఒక్క మాట కూడా వదల్లేదు.