అడవిరాజ రసం కేసుల సాంబన్న వాదన

అడవిరాజ రసం ఇగ ఎక్కడా అమ్మొద్దని కోర్టు చెప్పిందన్న ఖబర్ పొద్దుగాల బస్సులనే సిరోంచకు వచ్చింది. బస్టాండు కాడ చాయ్ హోటల్ నడిపే జగ్గయ్యకు పానం తేలికైంది. ఆ రసం తాగితే షుగర్ జాడ లేకుంట పోతదని నమ్మి, ఎండకాలంల దవాఖాన గోలీలు బంద్ చేసిండు. కాలికి పుండు లేసి, పాదం తీసేసుడు దాకా వచ్చింది. బిడ్డ రేష్మ పట్టుబట్టి దవాఖానల పడేస్తే బతికి బయటపడ్డడు. ఇప్పుడిప్పుడే నడుస్తుండు.

"కేసు గెలిపించింది ఎవలనుకున్నరు?" అని బల్ల మీద కూసోని కాలు మీద కాలేసిండు, రోజూ చాయ్‌కు వచ్చే సాంబన్న.

"నువ్వా?" అన్నడు ఆటో మంగయ్య.

"నేను చేసింది పెద్దగ ఏం లేదు. అహేరి కోర్టుకు పోయిన, షుగర్ పోతదని ప్రచారం చేసుడే నేరం సార్, దానికి చట్టం ఉన్నది అన్న, అంతే. ఇగ కంపెనీ వకీళ్లు బస్సు నిండ దిగిండ్రు. ఇంగ్లీషుల అడిగితె మరాఠీల చెప్పిన, మరాఠీల అడిగితె గోండిల చెప్పిన, సగంమంది అక్కడికక్కడే బేహోషై పడ్డరు! ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? మా రసం తాగితె ముసలోళ్లు గూడ ఉరుకుతరు అన్నడు కంపెనీ మాలిక్. గట్లనా అని, సీస పట్టుకపోయి కోర్టు ముంగట ఎండిన చింతమొద్దు మీద పోసిన."

"మొద్దు ఉరికిందా ఏంది?"

"ఉరుకక? గంత మంట ఆ రసం! నీళ్లకోసం ప్రాణహిత దిక్కు ఒకటే ఉరుకుడు. దాని ఎనుక జడ్జి, జడ్జి ఎనుక పోలీసోళ్లు. నేను ఒంటి చేత్తోని ఆపిన. నది గూడ జర ఆగి సూసింది. మొసళ్లు ఒడ్డుకొచ్చి, సాంబన్నా, ఆ రసం మాత్రం నీళ్లల్ల పడనియ్యకు అని దండం పెట్టినయ్. ఇగ జడ్జి సార్ తన కుర్సిల నన్ను కూసోబెట్టి, తీర్పు నువ్వే చెప్పు సాంబన్నా అన్నడు!"

జగ్గయ్య కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్విండు. ఎన్ని నెలలైందో అట్ల నవ్వక. బజ్జీలు ఏంచుతున్న పోశక్క మొగని దిక్కు తిరిగి సూసి, తనూ నవ్వింది.

అప్పుడే అహేరి బస్సు దిగి, ఆ ముచ్చట ఇనుకుంట వచ్చింది రేష్మ. ఫిర్యాదు ఇచ్చింది, సాక్ష్యం చెప్పింది ఆమెనే.

"కాకా కోర్టుకు రాలే," అన్నది. "కాకా ఫోటో వచ్చింది."

అందరు సాంబన్న దిక్కు సూసిండ్రు.

"కంపెనీ పోస్టర్ మీద పెద్దగ ఏసిండ్రు. 'నా షుగర్ పోయింది, సాంబన్న, సిరోంచ' అని. ప్రచారం బండోళ్లు మైకు ఇస్తె నువ్వే అన్నవట గద కాకా. ఈయనకు షుగర్ ఉండెనా అని జడ్జి సార్ అడిగిండు. పరీక్షే చేయించుకోలే సార్, సూది సూస్తె పారిపోతడు అని నేను చెప్పిన. పరీక్ష కాయితం ఒక్కటి సూపెట్టమంటె కంపెనీ వకీలు తల దించుకున్నడు."

సాంబన్న మెల్లగ కాలు కిందికి దించిండు.

"అంటే... గెలిచింది నా మాట వల్లనే గద!"

జగ్గయ్య చాయ్ గ్లాసు తెచ్చి ఆయన చేతుల పెట్టిండు.

"తాగు సాంబన్నా. చక్కెర ఎక్కువ ఏసిన. నీ షుగర్ పోయిందని పోస్టర్ మీదనే ఏసిండ్రు గద."