గుడ్డుపెంకుల గది

తొలి పెద్దవాన కురిసి వెలిసిన ఉదయం. పెరట్లో కొత్తగా కట్టిన గది. లోపల కోడలు, బయట అత్త, మధ్యన తలుపు.

"గట్టిగా తోయండి అత్తయ్యా!"

"తోస్తూనే ఉన్నానే తల్లీ! ఇంతకంటే తోస్తే తలుపు రాదు, నా భుజం ఊడొస్తుంది."

"కింద మూల దగ్గర కాలితో తన్నండి. వంటింటి తలుపుని తంతారు కదా, అలా."

"తన్నాను. మళ్ళీ తన్నాను. వంటింటి తలుపైతే ఈపాటికి తెరుచుకుని రండి రండి అనేది. ఇది కదిలితేగా!"

"సరే, నేను ఇటునుంచి లాగుతాను, మీరు అటునుంచి... ఆ, ఇప్పుడు! తోయండి!"

"అమ్మో! ఊహూఁ. నావల్ల కాదు. బిగుసుకుపోయింది."

"బిగుసుకుపోయింది అనకండి."

"మరేమనను? అలిగింది అననా? వాన పడింది, మట్టి ఉబ్బింది, తలుపు పట్టేసింది. ఈ ఊళ్ళో కాపురం చేసేవాళ్ళకి ఇదేమన్నా కొత్తా? నేను కాపురానికొచ్చిన ఏడు మా పడగ్గది తలుపు ఇలాగే పట్టేసి..."

"మామయ్యగారు కిటికీ ఊచలు వంచి బయటికొచ్చారు. తెలుసు. వందసార్లు చెప్పారు."

"వంచలేదు, కోయించారు. వందసార్లు చెప్పినా సరిగ్గా వినవు."

"అత్తయ్యా, ఇది ఆ పడగ్గది కాదు. దీని కింద ఉన్నది ఆ మట్టి కాదు. ఈ తలుపు పట్టెయ్యకూడదు. పట్టెయ్యకూడదనే కదా ఈ గది కట్టింది!"

"నామీద అరుస్తావేం? నేనేమన్నా నేలలో దూరి ఉబ్బించానా?"

"మీమీద కాదు అత్తయ్యా..."

"లోపల నువ్వూ నీ గోడలూ, బయట నేను. ఇంకెవరిమీద?"

"నామీద. నామీద నేనే అరుచుకుంటున్నా. మామయ్యగారిని పిలుస్తారా కాస్త?"

"ఆయన ఇందాకే, అలవాటుగా తలుపులన్నీ వేసుకుంటూ, బజారుకి బయల్దేరారు. పక్కింటావిడతో వడ్రంగికి కబురు పెట్టాన్లే. చిత్రిక పట్టుకుని వచ్చేస్తాడు. వాన పడిందంటే వాడికి మన వీధిలో పండగే. ఏ ఇంటికెళ్ళినా తలుపు గీకమనేవాళ్ళే."

"గీకితే ఏం లాభం? గీకించాల్సి వచ్చిందంటేనే అయిపోయినట్టు."

"ఏదీ అవ్వలేదు, ఊరుకో. అసలు లేవగానే ఆ గదిలో ఏం పనే నీకు?"

"ఇంజనీరు సార్ వాళ్ళు వచ్చేలోపు నేనే ఓసారి చూసుకుందామని వచ్చా. రాత్రంతా కుండపోత కదా, కంటిమీద కునుకు లేదు. తలుపు దగ్గరికేసి ఆ మూల కూర్చుని గోడలు చూస్తున్నా. లేచి వచ్చి లాగితే రాదు."

"గోడలేమంటున్నాయి మరి?"

"అదే నా ఏడుపు. ఏమీ అనడం లేదు. ఒక్క బీట లేదు. గోడ కదిలితే తెలియాలని అతికించిన గాజుముక్క చిట్లలేదు. నేలమీద రసమట్టం పెట్టాను, బుడగ నడిమధ్యన బుద్ధిగా కూర్చుంది. ఇటు తిప్పి పెట్టాను, అటు తిప్పి పెట్టాను. నడిమధ్యనే."

"అయితే బాగున్నట్టేగా!"

"బాగుంటే తలుపెందుకు రాదు?"

"నన్నడిగితే? నాకు తెలిసిందల్లా గుడ్డుపెంకులు దంచడం."

"మళ్ళీ మొదలు."

"ఎందుకు మొదలుపెట్టను? లోకంలో కోడళ్ళు అత్తలచేత ఏమేం దంచిస్తారో నాకు తెలీదు. నువ్వు మాత్రం ఊళ్ళో హోటళ్ళన్నీ తిరిగి గుడ్డుపెంకులు ఏరుకొచ్చావు. కాల్చావు. నా చేతిలో రోకలి పెట్టావు. వీధిలో నన్నేమంటున్నారో తెలుసా? గుడ్డుపెంకుల అత్త!"

"కాల్చి దంచితే అదీ సున్నమే అత్తయ్యా. సున్నం తగిలితేనే ఆ నల్లమట్టికి నీళ్ళ దాహం తగ్గేది. అంత సున్నం కొనాలంటే మనవల్ల అవుతుందా?"

"అదొక్కటేనా? రైసుమిల్లు ఊక బూడిద ఓ పక్క, పాలరాయి కోసేచోట పారబోసే తెల్లపొడి ఓ పక్క. ఊరి చెత్తంతా మోసుకొచ్చి నా పెరట్లో తొక్కించావు. మొక్కలు పెట్టుకుందామన్న చోటు!"

"చెత్త అనకండి."

"పారేసినదాన్ని చెత్త అనక ఏమంటారు?"

"పనికొస్తే సరుకంటారు. పనికొచ్చి ఉంటే... ఛ! ఇవాళ సార్ ఈ గది చూసి ఊఁ అంటే, మన వీధి చివరే బడి కట్టేవాళ్ళు. ఇదే నేల, ఇదే పద్ధతి. వద్దంటే బడి హైవే అవతలికి పోతుంది, రాతినేల ఉన్నచోటికి. పిల్లలు రోజూ ఆ లారీల మధ్యనుంచి దాటుకుని పోవాలి."

"తెలుసే. నువ్వు చెప్పకపోయినా తెలుసు. ఉండు ఉండు, నీ ఫోను మోగుతోంది. అరుగుమీద వదిలేశావు."

"ఎవరు?"

"అద్దాలు ఇంట్లో ఉన్నాయే. ఏదో... సా అని ఉంది. సారేమో."

"ఎత్తకండి! అత్తయ్యా, ఎత్తకండి!"

"ఎత్తేశాను."

"అయ్యో..."

"హలో! ఎవరండీ? గట్టిగా చెప్పండి. ఈ గట్టిగా వినిపించే బొత్తాం ఏదో... ఆ, ఇదే."

"హలో, అమ్మా, నేను ఇంజనీరు ఆఫీసునుంచి. మీ కోడలుగారు లేరా?"

"నమస్కారం బాబూ. ఉంది, ఎక్కడికి పోతుంది? స్నానం చేస్తోంది."

"మేం బయల్దేరుతున్నామని చెప్పండి. రాత్రి మీ వైపు వాన దంచికొట్టిందటగా. గది ఎలా ఉందమ్మా?"

"గదికేం బాబూ. గదిలా ఉంది."

"నేలేమన్నా లేచిందా?"

"నేల కిందే ఉంది బాబూ."

"తలుపూ అదీ సాఫీగా ఉందా?"

"తలుపా? తలుపు... మూస్తే మూసుకుంటోంది."

"తెరిస్తే?"

"తెరవాల్సిన అవసరం ఇంకా రాలేదు."

"అత్తయ్యా! ఫోను ఇలా తలుపు దగ్గర పెట్టండి!"

"అదేంటమ్మా, స్నానం అన్నారు?"

"స్నానమే బాబూ. ఒక్క క్షణం ఉండండి, సబ్బు అందిస్తాను... ఒసేయ్! ఎందుకా అరుపు? చెయ్యి అడ్డం పెట్టా, వినబడదులే. నా మాట విను. వడ్రంగి వస్తాడు, ఓ చెయ్యి అలా గీకుతాడు, తలుపు వచ్చేస్తుంది. గోడలు బాగున్నాయి, నేల బాగుంది. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది."

"నువ్వు చెప్పకుండా ఉండు!"

"బస్సు షెడ్డు కట్టినప్పుడు అలాగే చెప్పకుండా ఉన్నాను అత్తయ్యా. సీలింగు పలకల తుక్కు పొడిచేసి సున్నంతో కలిపాను. అప్పుడూ రసమట్టం బాగుందంది. గాజుముక్కా బాగుందంది. ఓ పక్క గేటు పట్టేస్తోందని వాచ్‌మన్ చెప్తే, గేటుదేముంది, నూనె పెట్టు అన్నాను. వారం తిరక్కుండా నేల కడుపుబ్బినట్టు లేచి గోడ కూలింది. ఆ వాచ్‌మన్ ముసలాయన చెయ్యి చాచేంత దూరంలో కూర్చుని ఉన్నాడు."

"ఆయనకేం కాలేదుగా."

"కాలేదు. అది నా గొప్పా? ఆయన అదృష్టం. ఆ రోజే ఒట్టేసుకున్నా. బుడగ ఒకటి చెప్పి తలుపొకటి చెప్తే, తలుపు మాటే వింటానని. ఫోను ఇటు పెట్టండి."

"పెట్టను."

"అత్తయ్యా!"

"పెట్టనంటే పెట్టను. ఎన్నాళ్ళు పడ్డావే దీనికోసం! ఆ బూడిద గాలికి లేచి నీ జుట్టంతా తెల్లబడితే, ఎవరే ఈ ముసలమ్మ అని మీ ఆయన నవ్వలేదూ? ఇప్పుడు నీ నోటితో నువ్వే వద్దంటావా?"

"అక్కడ పిల్లలు కూర్చుంటారు అత్తయ్యా. గోడల పక్కన."

"అది కాదే..."

"అత్తయ్యా. పెట్టండి."

"ఇదుగో. పెట్టాను. మాట్లాడు. నీ ఖర్మ."

"సార్."

"చెప్పమ్మా. ఏంటి, అక్కడేదో గొడవగా ఉంది?"

"రావద్దు సార్."

"రావద్దా? వానేమన్నా..."

"వాన వెలిసింది. గదే పోయింది. తలుపు పట్టేసింది సార్. నేను లోపలే ఉన్నాను, బయటికి రాలేకపోతున్నాను."

"బాబూ, బాబూ, నా మాట వినండి! తప్పు దానిది కాదు, నాది. పెంకులు దంచింది నేను. మెత్తగా దంచమంటే నడుం నొప్పని పెచ్చులు పెచ్చులుగా దంచి పడేశాను. అందుకే ఉబ్బింది. ఈసారి చక్కగా..."

"అబద్ధం సార్. పిండిలా దంచారు. నేనే జల్లెడ పట్టాను, జల్లెడలో ఒక్క పలుకు మిగల్లేదు."

"నువ్వు నోరు మూస్తావా! పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే..."

"అమ్మా, అమ్మా, ఒక్క నిమిషం. ఇద్దరూ ఆగండి. ఏమ్మా, గోడలు చూశావా?"

"బాగున్నాయి సార్."

"నేల?"

"బాగుంది."

"మరి?"

"తలుపు రావడం లేదు సార్. అంతకంటే ఏం కావాలి? గుమ్మం కింద ఎక్కడో లేచి ఉంటుంది, నాకు కనబడటం లేదంతే. బస్సు షెడ్డూ గేటు దగ్గరే మొదలైంది."

"చూడమ్మా, హైవే అవతలి స్థలం వాళ్ళు నా ఎదురుగానే కూర్చున్నారు. ఇన్నాళ్ళూ నీకోసమే ఏదో ఒకటి చెప్పి నెట్టుకొస్తున్నాను. ఇవాళ వాళ్ళకి ఊఁ అన్నానంటే మళ్ళీ వెనక్కి తీసుకోలేను. పోనీ నేనొచ్చి చూసేదాకా..."

"చూడ్డానికేముంది సార్? తలుపు బయట మీరు, లోపల నేను నిలబడాలి, అంతే. వాళ్ళకి చెప్పేయండి."

"ఖాయమేనా?"

"ఖాయమే."

"బాగా ఆలోచించుకునే అంటున్నావా?"

"సార్, దయచేసి చెప్పేయండి. ఇంకోసారి అడిగితే నోరు రాదు నాకు."

"సరే. ఒక్క నిమిషం ఉండు... ఆ. చెప్పేశానమ్మా. సంతకాలూ అయిపోతున్నాయి. నిజం చెప్పావు, మంచిదే. ఉంటాను."

"పెట్టేశాడే."

"ఊఁ."

"ఏడుస్తున్నావా?"

"లేదు."

"ముక్కు ఎగబీల్చడం ఇక్కడికి వినబడుతోంది."

"దుమ్ము."

"కొత్తగదిలో దుమ్మెక్కడిదే? ఏడువు. ఏడ్చేదేదో ఏడ్చెయ్యి. నేనూ ఇటు కూర్చుని అదే పని చేస్తున్నా."

"మీరెందుకు ఏడవడం? మీకు మీ పెరడు దొరికిందిగా."

"పెరడు మొహం! నోటికొచ్చింది అంటాను గానీ, రోకలి పట్టుకున్నప్పుడల్లా నాకూ ఆశగానే ఉండేదే. ఈ ఊళ్ళో వానాకాలం ఒక్క తలుపైనా తన్నకుండా తెరుచుకోవాలని. అది నా కోడలు కట్టిన తలుపై ఉండాలని. చెప్పలేదు నీకు, చెప్తే నెత్తికెక్కుతావని."

"ఇప్పుడా చెప్పడం?"

"ఇప్పుడు కాక ఎప్పుడు? మళ్ళీ చేద్దాంలే. ఈసారి ఇంకేదన్నా కలుపు. దంచుతాను."

"లేదు అత్తయ్యా. ఇంక చాలు. బూడిదలూ పెంకులూ ఎవరికి కావాలో వాళ్ళు పట్టుకుపోవచ్చు. ఈ మట్టి చేతిలో నేను ఓడిపోయాను. ఒప్పేసుకుంటున్నా. ఇంక నన్నెవరూ ఏమీ అడక్కండి."

"అమ్మగారూ! కబురు పెట్టారంట?"

"వచ్చావా నాయనా! రా, రా. లోపల మా కోడలు ఇరుక్కుపోయింది. పైన పట్టిందో కింద పట్టిందో చూసి, చిత్రిక తీసి నాలుగు చేతులు ఆడించు. ఇంక ఎంత గీకినా పర్లేదులే, చూసేవాళ్ళెవరూ రావడం లేదు."

"ఏదండీ, ఇదేనా? కొత్త తలుపే ఇది."

"కొత్తదైతే మాత్రం? అదే మట్టి, అదే వాన."

"కాస్త జరగండమ్మా... అమ్మగారూ, ఇది పట్టెయ్యలేదండీ. బయటివైపు పైన గడియ పెట్టుంది."