గడ్డకట్టిన మందు

వరదకు వంతెన మునిగింది. పక్క గదిలో పన్నెండేళ్ళ పిల్ల జ్వరం లేకుండానే మూలుగుతోంది. కుట్టుపని చేసే తల్లీ, బళ్ళో సైన్సు చెప్పే పెద్దమ్మా వంటింట్లో ఫ్రిజ్ ముందు నిలబడ్డారు.

"మళ్ళీ చూడక్కా, షుగరు మీటరు సరిగ్గా పట్టుకోలేదేమో."

"చూశానే. షుగరు ఎక్కువ అంటోంది తప్ప అంకె కూడా చూపించట్లేదు. అసలు ఇన్సులిన్ ఇచ్చావా?"

"ఇచ్చా! పొద్దున ఇచ్చా, మధ్యాహ్నం ఇచ్చా. నన్నే అడుగుతావేం?"

"ఏ సీసాలోంచి?"

"ఉన్నది ఒక్కటేగా."

"అది ఎక్కడుంది?"

"ఫ్రిజ్‌లో."

"ఫ్రిజ్‌లో ఎక్కడే?"

"పైన."

"పైనంటే? ఐసు అరలోనా?"

"గడ్డకట్టి ఉంటే అరచేతుల్లో పెట్టుకుని కరిగించా. నీళ్ళలా తేటగానే వచ్చిందక్కా. మందు మందేగా!"

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది!"

"తర్వాత తిట్టుకో. ఏం చెయ్యాలో చెప్పు."

"ఇన్సులిన్ అంటే ప్రోటీనే. దానికి నాలుగు అంచెలు. ముందు దారంలా ఉంటుంది. ఆ దారం మెలికలు తిరుగుతుంది. మెలికలు మడతపడి ఒక ఆకారం వస్తుంది. ఆ ఆకారాలు ఒకదానితో ఒకటి జట్టు కడతాయి. ఆకారం ఉంటేనే ఒంట్లో పనిచేస్తుంది. గడ్డకట్టినప్పుడు అది చెదిరిపోయింది."

"దారం తెగిందా?"

"తెగలేదు."

"తెగకపోతే బాగుచెయ్యొచ్చుగా! విప్పడం, మళ్ళీ కుట్టడం, ఇదేగా నా బతుకు!"

"నీ మిషను మీద కుదిరేది కాదే ఇది."

"పోనీ రెండింతలు ఇస్తే? కొంచెమైనా మంచిది మిగిలి ఉండదా?"

"ఎంత మిగిలిందో ఎవరికి తెలుసు? గుడ్డెద్దు చేలో పడ్డట్టు పొడుస్తామా? ఆ సూది కింద పెట్టు. పెట్టమంటున్నానా!"

"పెట్టేశానక్కా. దాని ఊపిరి చూశావా? మాగిన పళ్ళ వాసన. షుగరు బాగా ముదిరితేనే అలా వస్తుందన్నారుగా."

"చూశా."

"అంత మెల్లగా అంటావేం? చెప్పు, నా బిడ్డ..."

"నోరు ముయ్యి! పడవలో మందు పంపించామని ఫోన్లో చెప్పాడు డాక్టరు. వస్తుంది."

"ఇందాకా అదే అన్నాడు."

"వస్తుందే."

"మా ఆయనే పెట్టుంటాడు ఆ సీసాని ఐసులో. ఏ వస్తువైనా ఆయన చేతిలో పడితే అంతే సంగతులు."

"మరిది ఊళ్ళో లేడుగా."

"మరి ఎవరు పెట్టారు? దానికి కాళ్ళొచ్చాయా? ఎవరో తెలియనీ, చేతులు విరిచేస్తా!"

"అమ్మా..."

"లేవకు తల్లీ, పడుకో. పెద్దమ్మ వస్తోంది నీ దగ్గరికి."

"నేనే పెట్టానమ్మా. కరెంటు పోతుందేమోనని. వేడికి ప్రోటీను ఆకారం పాడవుతుందని పెద్దమ్మే చెప్పింది క్లాసులో. అందుకే బాగా చల్లగా ఉండేచోట..."

"గడ్డకట్టినా పాడవుతుంది కదా బంగారూ!"

"అది చెప్పేలోపే బెల్లు కొట్టేశారు పెద్దమ్మా."