జెండా ఎవరు కుట్టారు

అయ్యో, ఆ పెట్టె మీద కూర్చోకండి దొరసానమ్మా! అందులో ఉత్తరాది సైనికుల చొక్కాలున్నాయి. కూర్చున్నారంటే మళ్లీ నేనే ఇస్త్రీ చెయ్యాలి. నిలబడండి కాసేపు. కాళ్లేమీ అరిగిపోవులెండి. పద్దెనిమిదేళ్లు మీ భోజనాల గదిలో నిలబడ్డాను, నావి అరిగాయా?

బండి వస్తుందిలెండి. ఆ ఏడుపేంటి? ఇదంతా నేను చేశానా?

పొద్దున కెప్టెన్ గుడారంలోకి ఎంత ఠీవిగా వచ్చారు! "ఉత్తరాది ప్రభుత్వానికి విధేయురాలిని, ప్రమాణం కూడా చేశాను. నా బానిస కెజాయాని, దాని పిల్లనీ నాకు అప్పగించండి" అని. విధేయురాలట! మిస్సోరీ రాష్ట్రమంతా నవ్విపోతుంది.

నాకు మాత్రం భయమేసింది, అబద్ధమెందుకు? ప్రమాణం చేసిన యజమానికి బానిసని ఇచ్చేస్తున్నారుగా ఈ శిబిరంలో. పోయిన వారమే ఇద్దర్ని తాళ్లతో కట్టి పంపించారు. నేను పారిపోయి వచ్చిందే టెంపీ కోసం. ఏడేళ్ల పిల్లని మీ మేనకోడలి పెళ్లికి కానుకగా ఇస్తారా? దుప్పట్లూ, వెండి గరిటెలూ, వాటితోపాటు నా కూతురూనా?

అప్పుడు కదా కెప్టెన్ ఆ జెండా తీసి బల్ల మీద పరిచాడు! మీ మేనల్లుడి దళం దగ్గర పట్టుబడిన దక్షిణాది తిరుగుబాటు జెండా. చర్చి ముందు, ఊరంతా చూస్తుండగా మీరే వాళ్లకిచ్చారు, గుర్తుందా? "ప్రతి కుట్టూ నా చేతిదే" అని రుమాలుతో కళ్లొత్తుకున్నారు. లవీనియా టాల్బట్ చేతి జెండా అని ఆడవాళ్లంతా ఆహా ఓహో అన్నారు.

"ఇదెవరు కుట్టారు?" అని ఆయన అడిగేసరికి మీ మొహం చూడాలి! జైలు కనబడింది కాబోలు. "నేనా? ఛ! నేను సూదైనా పట్టను. అదిగో, మా కుట్టుపనిది, అదే కుట్టింది" అని నావైపు వేలు చూపించారు.

ఎంత తెలివండీ! తిరుగుబాటు సైన్యం పనికి బానిసని వాడితే, ఆ బానిస మీద యజమానికి హక్కు పోతుంది. చట్టం అది. ఇక్కడ బట్టలుతికే ప్రతి మనిషికీ తెలుసు ఆ ముక్క. అంత చదువుకున్న మీకు తెలియలేదు.

నిజమేనా అని కెప్టెన్ నన్నడిగాడు. "నిజమే అయ్యా, నెల్లాళ్లు కుట్టాను, దొరసాని హుకుం" అన్నాను. "సూదుల్లో దారం ఎక్కించింది నా టెంపీ" అని కూడా అన్నాను. పిల్లని వదులుతానా? ఇద్దరి పేర్లూ కాగితం మీద రాసేశాడు. మేమిక మీ సొత్తు కాదు.

ఏంటలా చూస్తారు? అబద్ధమని అరవాలనుందా? వెళ్లండి, చెప్పండి. చెప్పలేరుగా! చెబితే మీరు జైలుకి.

మీ పెళ్లిగౌను నేను కుట్టాను. మీ ఇంటి పరదాలన్నీ నేను కుట్టాను. అన్నీ మీ చేతి పనేనని ఊరంతా చాటుకున్నారు, నోరు మూసుకుని ఊరుకున్నాను. ఈ జన్మలో మీ చేత్తో మీరు చేసిన పని ఒక్కటే, ఆ జెండా. తలుపేసుకుని కూర్చుని కుట్టారు, నన్ను ముట్టుకోనైనా ఇవ్వలేదు. ఒక్క నక్షత్రమన్నా తిన్నగా ఉందా?

ఆ వంకర కుట్లు నావేనని పదిమంది ముందు ఒప్పుకున్నాను. కుట్టుపని చేసేదానికి అంతకన్నా సిగ్గుచేటు ఏముంది? పోనీలెండి. పిల్ల కోసం ఆ మాత్రం పడతాను.