తూకం మేడమ్ వెనక్కి తీసుకున్న జవాబు

1989 సెప్టెంబరు నాలుగో తేదీ, సోమవారం ఉదయం, వాయు పర్యవేక్షణ కార్యాలయం మూడో అంతస్తులోని ప్రయోగశాలలో ఒక యువతి హాజరు పట్టీలో సంతకం చేసి సహాయ కెమిస్టుగా విధుల్లో చేరారు. నియామక పత్రం పట్టుకుని తూకం గది గుమ్మంలో నిలబడిన ఆమెను అప్పటి పెద్ద కెమిస్టు ఎగాదిగా చూసి, "చూడమ్మా, చెప్పులూ మాటలూ రెండూ బయట విడిచి రావాలి" అన్నారట. ఆమె రెండూ విడిచి లోపలికి వెళ్ళారు. చెప్పులు ఆ సాయంత్రమే వేసుకున్నారు గాని, మాటలను మాత్రం ముప్పై ఆరేళ్ళపాటు ఎక్కడున్నా తూకం గది గుమ్మంలోనే వదిలి పనిచేశారు. ఈ ఆగస్టు ముప్పై ఒకటిన పదవీ విరమణ చేస్తున్న మన ప్రయోగశాల అధిపతి, కార్యాలయమంతా ఆప్యాయంగా 'తూకం మేడమ్' అని పిలుచుకునే వ్యక్తి ఆమే.

ఆ గదిలో జరిగే పని చెప్పడానికి చిన్నది, చేయడానికి పెద్దది. అరచేతంత తెల్లని వడపోత కాగితాన్ని ముందుగా తూచాలి. మేడ మీద బిగించిన యంత్రం ఇరవై నాలుగు గంటలపాటు ఆ కాగితం గుండా గాలిని పీలుస్తుంది. బూడిదరంగు తేలి తిరిగివచ్చిన కాగితాన్ని ఆరబెట్టి మళ్ళీ తూచాలి. రెండు తూకాల మధ్య తేడాయే ఆ రోజు ఆ వీధి పీల్చిన దుమ్మూ పొగా. ఆ తేడా ఎంత స్వల్పమంటే, పక్కన ఎవరైనా నిట్టూర్చినా త్రాసు ముల్లు తడబడుతుంది. అందుకే ఆ గదికి పంకా లేదు. ముల్లు కుదురుకునేదాకా ఊపిరి బిగబట్టడం ఆమెకు మొదటి వారంలోనే అలవడింది. పాత త్రాసు పోయి, అద్దాల పెట్టెలో అంకెలు చూపే త్రాసు వచ్చాక ఆ అవసరం తగ్గినా అలవాటు పోలేదు. ఇంట్లో కాఫీపొడి కొలిచేటప్పుడూ, సూదిలో దారం ఎక్కించేటప్పుడూ కూడా అంతేనట. "మా అమ్మ పలకలేదంటే కోపమొచ్చిందని కాదండీ, ఏదో కొలుస్తోందని" అని వారి అమ్మాయి ఒకసారి మనందర్నీ నవ్వించింది.

తొలి ఆరేళ్ళు ఆమె నిచ్చెనలెక్కి మేడల మీద యంత్రాలు బిగించారు. 1995లో శాఖా ప్రయోగశాలకు బదిలీ అయినప్పుడు, కురిసే కప్పు కింద త్రాసును ఏ మూల పెడితే తడవదో వెతకడానికే మొదటి వర్షాకాలం గడిచిపోయింది. 2003లో సీనియర్ కెమిస్టుగా తిరిగి వచ్చి, 2014లో ప్రయోగశాల బాధ్యతలు స్వీకరించారు. తనిఖీకి వచ్చిన ఒక పై అధికారి తూకం గదిలో చెమటలు కక్కుతూ, "ఒక్క పంకా అయినా పెట్టించుకోలేకపోయారా?" అని అడిగితే, చేతిలో పని ముగిసేదాకా ఆమె బదులు చెప్పలేదు. ఆ తర్వాత, "మీరు అడిగినప్పుడే తూకం కదిలింది సార్, మళ్ళీ తూచాల్సి వచ్చింది" అన్నారు నెమ్మదిగా.

ఇన్నేళ్ళ సేవలో ఎన్నో చెప్పుకోదగినవి ఉన్నా, ఆమెను తలచుకున్నప్పుడు మనకు మొదట గుర్తొచ్చేది నిరుటి ప్రజాభిప్రాయ సేకరణ. పద్నాలుగేళ్ళ నాటి ప్రాంతీయ వాయు నాణ్యతా నిబంధనలను సవరించాలని సంకల్పించి, ముసాయిదాను ప్రకటించి, అరవై రోజుల్లోగా అభ్యంతరాలు తెలపాలని కార్యాలయం ప్రజలను కోరింది. గడువు దాటితే ఎవరి మాటా కొత్త నిబంధనల్లోకి ఎక్కదు. సాంకేతికమైన జవాబులు రాసే పని మేడమ్‌కు అప్పగించారు. బస్సు డిపో వెనక వీధి నుంచి ముప్పై ఒక్క ఉత్తరాలు వచ్చాయి. తెల్లవారితే పొగతో నిద్రలేస్తున్నామన్నదే అన్నింటి సారాంశం. అదే వీధి గ్రంథాలయం మేడ మీది యంత్రం లెక్కలు తీసి చూసి, "ఇరవై నాలుగు గంటల సగటు పరిమితి లోపే ఉన్నది. సవరణ అవసరం లేదు" అని ఆమె ముప్పై ఒక్కరికీ జవాబిచ్చారు.

నలభయ్యో రోజున జరిగిన బహిరంగ సమావేశంలో ఆ వీధి దర్జీ లేచి నిలబడ్డారు. మెడలో టేపు అలాగే ఉంది.

"మేడమ్ గారూ, మీ జవాబు మూడుసార్లు చదివాను. మా వీధి గాలి బాగుందని రాశారు. సంతోషం. ఆ మాటేదో మా అమ్మాయి ఊపిరితిత్తులకు కూడా కాస్త చెప్పి వెళ్ళండి. నేను చెప్తే వినడం లేదు."

సభ ఘొల్లుమంది. మేడమ్ నవ్వలేదు. "అది రోజంతా తీసిన లెక్కండీ. తూకంలో తప్పు లేదు" అన్నారు.

"తప్పుందని నేనూ అనడం లేదమ్మా. కొలత సరిగ్గానే తీసి, చొక్కా ఇంకెవరికో కుట్టినట్టుంది."

ఆ మాట ఆమెను ఇంటిదాకా వెంటాడింది. మర్నాడు ఆదివారం, భోజనానికి వచ్చిన మరిది కూర్చోగానే వాదన మొదలుపెట్టాడు. ఆయన ఆ డిపోలోనే ఉదయం షిఫ్టు సూపర్‌వైజరు.

"ఏంటి వదినా, అందరూ మా డిపో మీద పడ్డారు? అయిదింటికి నూట పది బస్సులు స్టార్ట్ చేస్తాం. బ్రేకులకి గాలి ఎక్కాలా, ఇంజను వేడెక్కాలా? ఏడయ్యేసరికి అన్నీ రోడ్డు మీదే. ఆ తర్వాత మా షెడ్డులో పరుపేసుకుని పడుకోవచ్చు, అంత ప్రశాంతం!"

కాఫీపొడి చెంచా డబ్బా మీద అలాగే ఆగిపోయింది. భర్త తల తిప్పి చూశారు.

"మళ్ళీ ఏం కొలుస్తున్నావు?"

"ఇన్నాళ్ళూ కొలవనిది" అన్నారామె.

సోమవారం ఉదయం మేడమ్ మూలపడి ఉన్న పెద్ద యంత్రాన్ని తుడిపించి గ్రంథాలయం మేడ ఎక్కించారు. రోజుకొక కాగితం కాకుండా, రెండు గంటలకొకటి చొప్పున పన్నెండు కాగితాలు మార్చాలన్నారు. సిబ్బంది వంతులు వేసుకున్నారు. తెల్లవారుజామున అయిదింటి వంతు మాత్రం ఆమె ఎవరికీ ఇవ్వలేదు. తొమ్మిది రోజులు ఆ గోడ మీదుగా లేచే పొగను తానే కళ్ళారా చూశారు. కాగితాలు ఆరాక, తూచాక, లెక్క తేలింది. ఏ రోజు చూసినా పదకొండు కాగితాలు కాస్త నలిగిన తెలుపుతో ఉన్నాయి. అయిదు నుంచి ఏడు గంటల కాగితం ఒక్కటే పెనం అడుగులా ఉంది. దాని లెక్క పరిమితికి నాలుగింతలు. పన్నెండింటినీ కలిపి సగటు తీస్తే మాత్రం పరిమితి లోపే. ఆమె రాసిన జవాబులో ఒక్క అంకె కూడా తప్పు కాదు. ఆ రెండు గంటలూ ఆ వీధి మనుషులు పీల్చిన గాలి మాత్రం అందులో ఎక్కడా లేదు.

అప్పటికి గడువు ఆరు రోజులుంది. ఆమె డైరెక్టరు గారి గదికి వెళ్ళి, ముప్పై ఒక్క జవాబులనూ ఉపసంహరించుకుంటానని చెప్పారు. డైరెక్టరు గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"తొందరెందుకు మేడమ్? కొత్త లెక్క అనుబంధంగా చేర్చండి. పాత జవాబు దాని మానాన అది ఉంటుంది."

"రెండూ ఉంటే వాళ్ళు ఏది నమ్మాలండీ?"

"ఉపసంహరణ అంటే మీ పొరపాటని రాసుకోవాలి. సర్వీసు పుస్తకంలోకి ఎక్కుతుంది. ఏడాదిన్నరలో రిటైరవుతున్నారు, ఇప్పుడెందుకు చెప్పండి?"

"ఇప్పుడు కాకపోతే మళ్ళీ ఈ నిబంధనలు ఎప్పుడు మారుస్తారో నాకు తెలుసు సార్. పద్నాలుగేళ్ళు చూశాను."

ఆ మధ్యాహ్నం ఆమె రాసిన ఉపసంహరణ పత్రం మూడే వాక్యాలు. "నా తూకం సరియైనదే. ప్రజలు అడిగిన ప్రశ్నకు అది జవాబు కాదు. ఆ జవాబు రాసినది నేనే."

ఆఖరి రోజు సమావేశంలో ఆమె ఉపన్యసించలేదు. ఒక రోజు తీసిన పన్నెండు కాగితాలనూ గాజు పలకల మధ్య అమర్చి, గంటల వారీగా బల్ల మీద వరుసగా పరిచి, పక్కకు జరిగి నిలబడ్డారు. దర్జీ వంగి ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చి, నల్లదాని దగ్గర ఆగి, "ఇదండీ. ఇది మాది" అన్నారు. పోయిన వస్తువు దొరికినట్టు ఉంది ఆ గొంతు.

డిపో తరఫున మాట్లాడడానికి లేచినది మరెవరో కాదు, మరిదే. "ముందే చెప్తున్నానండీ, ఈవిడ మా వదిన. ఆదివారం ఈవిడ చేతి అన్నమే తింటాను కాబట్టి గట్టిగా అరవలేను. కానీ చల్లటి ఇంజనుతో బస్సులు పంపితే రేపు బ్రేకు పడకపోతే ఎవరిది బాధ్యత?"

"సూపర్‌వైజరు గారూ" అన్నారు మేడమ్, జీవితంలో మొదటిసారి ఆయనను అలా పిలుస్తూ. "వేడి చెయ్యొద్దని నేను అనలేదు. నూట పదీ ఒకేసారి ఎందుకు, ఆ గోడ పక్కనే ఎందుకు అని అడుగుతున్నాను."

ఆయన తల గోక్కున్నాడు. "గోడ పక్కన ఎందుకంటే... మొదట్నుంచీ అక్కడే పెడుతున్నాం కాబట్టి."

ఈసారి సభతోపాటు మేడమ్ కూడా నవ్వారు. కొత్త నిబంధనల్లో రోజు సగటుతోపాటు రెండు గంటల పరిమితి కూడా చేరింది. డిపోలో బస్సులు ఇప్పుడు విడతలు విడతలుగా, ఖాళీ మైదానం వైపున వేడెక్కుతున్నాయి. ఏ విడత ఎప్పుడన్నది మరిదే కూర్చుని రాశాడు. ఆ ఏడాది ఉత్తమ సేవా ప్రశంసకు వెళ్ళిన పేర్లలో మేడమ్ పేరు లేదు. పొరపాటు అన్న మాట ఆమె సర్వీసు పుస్తకంలో నేటికీ ఉంది. ఆమె చేతికింద పనిచేసినవారందరూ ఆ పుటను చదివే ఉన్నారు. కొత్తగా చేరేవారికి ముందుగా చూపించేది కూడా దాన్నే.

కొన్నాళ్ళకు దర్జీ మన ప్రయోగశాలకు వచ్చారు. తూకం గదిలోకి ఎవరినీ రానివ్వరని తెలిసి, తలుపు అద్దంలోంచి త్రాసును కంటితోనే కొలుచుకుని వెళ్ళి, వారం తిరగకుండా దానికి నీలిరంగు ముసుగు కుట్టి తెచ్చారు. నూలుపోగంత తేడా లేకుండా సరిపోయింది. "మీ కొలత మా కొలత కంటే నయమండీ" అన్నారు మేడమ్. త్రాసు మీద నేటికీ ఆ ముసుగే ఉంది.

ఆ తొమ్మిది రోజుల పుణ్యమా అని అయిదింటికి మెలకువ రావడం ఆమెకు అలవాటైపోయింది. ఇప్పుడు భర్తతో కలిసి నడకకు వెళ్తున్నారు, దూరమైనా డిపో వెనక వీధి మీదుగానే. ముప్పై ఆరేళ్ళు మనం పీల్చే గాలిని తూచడం కోసం తమ ఊపిరిని బిగబట్టిన మేడమ్ గారికి ఇకనుంచి కొలవవలసినది ఏదీ లేకుండుగాక. ఆ వీధి మలుపులో, ఉదయం ఆరింటివేళ, దర్జీ గారి అమ్మాయి తలుపు తీసే సమయానికి, వారు తీరికగా, గుండెనిండుగా గాలి పీల్చుకుందురుగాక. సంపూర్ణ ఆరోగ్యంతో, కుటుంబమంతటి నవ్వుల నడుమ, అటువంటి ఉదయాలు వారికి నిండు నూరేళ్ళూ లభించుగాక.